కోలా పక్కన గ్రీన్‌లాండ్ సొర: సంబంధం లేని రెండు జంతువులను పోల్చే పద్ధతి

చెట్టు మీద బతికే సంచి జంతువును, లోతు సముద్రంలో తిరిగే సొరను పోల్చమంటే చాలామంది చేసే పని ఒకటే. చార్టు మధ్యలో నిలువుగా ఒక గీత గీస్తారు. ఎడమవైపు చెట్టు, కుడివైపు సముద్రం. ఎడమవైపు ఆకులు, కుడివైపు చేపలు. ఎడమవైపు బొచ్చు, కుడివైపు గరుకు చర్మం. అరగంటలో ఇరవై తేడాలు వచ్చేస్తాయి, ఒక్కటీ కొత్త సంగతి చెప్పదు. రెండూ వేరని చార్టు చూడకముందే అందరికీ తెలుసు కదా.

పోలిక పనికిరావాలంటే రెండు జంతువులనూ ఒకే ప్రశ్న అడగాలి, రెండు జవాబులనూ ఒకే కొలతలోకి మార్చాలి, ఆ జవాబు ఎలా వచ్చిందో పక్కనే రాయాలి. ఇక్కడ తీసుకున్న ప్రశ్న: చాలా తక్కువ శక్తితో ఈ జంతువు ఎలా నెట్టుకొస్తోంది? కోలా, గ్రీన్‌లాండ్ సొర ఈ ప్రశ్నకు బాగా సరిపోయే జత. రెండూ నిదానానికి పేరుపడ్డవే. కానీ ఆ నిదానానికి కారణాలు వేరు, ఆ సంగతి లెక్క వేస్తే తప్ప బయటపడదు.

ముందు జాతి పేరు ఖాయం చేసుకోండి

"సంచి జంతువు" అంటే మూడు వందలకు పైగా జాతులు. చెట్ల మీద ఉండేవే చాలా ఉన్నాయి: చెట్టు కంగారూలు, పోసమ్‌లు, కస్కస్‌లు. సొరల్లో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. లోతు నీళ్లలో తిరిగే గాబ్లిన్ సొరకూ, అరచేతిలో పట్టే లాంతరు సొరకూ పోలికే ఉండదు. అందుకని చార్టు మీద మొదటి వరుసలో శాస్త్రీయ నామాలు రాయండి: కోలా, ఫాస్కోలార్క్టోస్ సినెరియస్, గ్రీన్‌లాండ్ సొర, సోమ్నియోసస్ మైక్రోసెఫాలస్.

కోలా కుటుంబంలో ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క జాతే. దానికి దగ్గరి చుట్టం నేల మీద బొరియలు తవ్వే వాంబాట్. కోలా ఉండేది ఆస్ట్రేలియా తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల్లో మాత్రమే. జాతి ఒకటే అయినా బరువు దగ్గర జాగ్రత్త పడాలి. ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో ఎదిగిన మగ కోలా ఆరేడు కిలోలు తూగితే, దక్షిణాన చలి ఎక్కువగా ఉండే విక్టోరియాలో 12 కిలోల దాకా ఉంటుంది. ఒక చోట బరువు తీసుకుని, ఇంకో చోట తిండి లెక్క తీసుకుంటే మీ భాగహారం మొదట్లోనే తప్పుతుంది. ఈ వ్యాసంలో లెక్కలకు 10 కిలోల దక్షిణాది కోలాను తీసుకున్నాం.

సొర వైపు వచ్చే పొరపాటు వేరు. పసిఫిక్‌లో సోమ్నియోసస్ పసిఫికస్ అనే సోదర జాతి ఉంది. ఫోటోల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఇంటర్నెట్‌లో వీటి బొమ్మలు తారుమారవుతుంటాయి. బొమ్మ కింద చోటు చూడండి: ఉత్తర అట్లాంటిక్, ఆర్కిటిక్ అని ఉంటేనే గ్రీన్‌లాండ్ సొర. ఇంకొకటి. ఈ సొర 2,200 మీటర్ల లోతున కనిపించిన మాట నిజమే కానీ, నీళ్లు బాగా చల్లగా ఉన్న చోట పైదాకా వస్తుంది. "లోతులోనే ఉంటుంది" అని రాయకండి. "లోతు దాకా వెళ్తుంది, ఉండేది చల్లటి నీళ్లలో" అని రాయండి. దీని బతుకును నడిపేది లోతు కన్నా చలి.

చుట్టరికం వరుస

సొరల వంశమూ, ఎముకలున్న జంతువుల వంశమూ విడిపోయి 40 కోట్ల ఏళ్లకు పైమాటే. కోలా రెండో వంశంలోది. మన చెరువుల్లో పెంచే శీలావతి కూడా ఆ రెండో వంశంలోదే. అంటే శీలావతికి సొర కన్నా కోలాయే దగ్గరి బంధువు. ఈ ఒక్క వాక్యం చార్టు మీద పెడితే చూసేవాళ్లు ఆగి చదువుతారు.

దీని వల్ల పని కూడా ఉంది. రెండు జంతువుల్లోనూ ఒకే లక్షణం కనిపిస్తే, అది పూర్వీకుల నుంచి వచ్చిందా, విడివిడిగా పుట్టిందా అని అడగాలి. దవడలు, వెన్ను, రోగాలను గుర్తుపెట్టుకునే యాంటీబాడీలు ఉమ్మడి ఆస్తి. పిల్లలను కనడం, నిదానపు బతుకు మాత్రం ఎవరికి వారు సంపాదించుకున్నవి. చార్టులో ఈ రెండు రకాలకూ రెండు రంగులు వాడండి. ఒకే రంగులో రాసేస్తే "రెండూ పిల్లల్ని కంటాయి కాబట్టి దగ్గరివి" అనే తప్పుడు అర్థం వస్తుంది.

పట్టికకు ఐదు నిలువు వరుసలు

రెండు వరుసల పట్టిక చాలదు. అంశం, కోలా, సొర, ఎలా కొలిచారు, ఎంత నమ్మొచ్చు: ఈ ఐదూ ఉండాలి. నాలుగో వరుస నింపలేకపోతే ఆ అంకెను తీసేయండి. ఉదాహరణకు "వేగం" వరుస. గ్రీన్‌లాండ్ సొర సగటున సెకనుకు 0.34 మీటర్లు, అంటే గంటకు కిలోమీటరుకు కాస్త ఎక్కువ ఈదుతుంది. ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్బార్డ్ దగ్గర సొరలకు కొలత పరికరాలు తగిలించి, వాటంతట అవి ఈదుతుండగా తీసిన అంకె ఇది. ఆ పరికరమే తోక ఊపును కూడా లెక్కపెట్టింది: సెకనుకు 0.15 సార్లు. తోక ఒకసారి అటూ ఇటూ ఊగి మొదటి చోటికి రావడానికి ఏడు సెకన్ల దాకా పడుతుందన్నమాట. గడియారం చూస్తూ చేతిని ఆ లయలో ఊపి చూడండి, ఆ నిదానం ఏపాటిదో తెలుస్తుంది.

కోలాకు దీనికి ఎదురుగా ఏం రాయాలి? నేల మీద పరుగెత్తే వేగం రాస్తే పోలిక చెడుతుంది. సొరది రోజంతటి సగటు, కోలాది కుక్క తరిమినప్పటి పరుగు. కోలా ఎక్కడానికి, పరుగెత్తడానికి శక్తి లేనిది కాదు, ఆ శక్తిని ఖర్చు పెట్టదు, అంతే. రోజులో 18 నుంచి 20 గంటలు కొమ్మ పంగలో కూర్చుని ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నిద్రే. కాబట్టి "వేగం" వరుస కొట్టేసి "రోజులో కదలికకు పెట్టే సమయం" అని మార్చండి. సొర ఎప్పుడూ మెల్లగా కదులుతూనే ఉంటుంది, కోలా ఎక్కువసేపు అసలు కదలదు. ప్రశ్న సరిగ్గా అడిగితే తేడా ఇలా తేటగా వస్తుంది.

తిండి లెక్క: అసలు పని ఇక్కడే

కోలా రోజుకు 200 గ్రాముల నుంచి కిలో దాకా యూకలిప్టస్ ఆకు తింటుంది. మధ్యస్థంగా 500 గ్రాములు తీసుకుందాం. గ్రీన్‌లాండ్ సొర విషయంలో 2022లో ప్రచురితమైన ఒక అంచనా ఉంది. 224 కిలోల సొర ఒళ్లు నిలబడటానికి రోజుకు 61 నుంచి 193 గ్రాముల చేప లేదా సముద్రపు క్షీరదాల మాంసం సరిపోతుంది. ఇది తినేటప్పుడు తూచిన అంకె కాదు, సొరకు తగిలించిన పరికరాల కొలతల నుంచి కట్టిన లెక్క. నాలుగో వరుసలో ఆ మాట రాయండి.

మొదటి మెట్టు, కిలో ఒంటి బరువుకు ఎంత అనేది. కోలా: 500ను 10తో భాగిస్తే 50 గ్రాములు. సొర: 193ను 224తో భాగిస్తే 0.86 గ్రాములు, 61తో అయితే 0.27. సొరకు ఎక్కువ తిండి పడే అంచనా తీసుకున్నా, కిలోకు కిలో కోలా 58 రెట్లు ఎక్కువ తింటోంది. చాలా పోలికలు ఇక్కడే ఆగిపోయి "సొర అద్భుతమైన పొదుపరి" అని ముగిస్తాయి. మీరు ఆగకండి.

రెండో మెట్టు, తిండిలోని నీళ్లు. ఆకులో దాదాపు సగం నీరు, చేపలో సుమారు నాలుగింట మూడొంతులు నీరు. ఎండు బరువులోకి మారిస్తే తేడా తగ్గుతుందనుకుంటాం. నిజానికి పెరుగుతుంది: 25 గ్రాములకు ఎదురుగా 0.22 గ్రాములు. కానీ ఎండు ఆకు, ఎండు చేప ఒకటి కాదు. ఆకులో పీచు, విషాలు పోగా ఒంటికి పట్టేది కొంతే. చేప మాంసం దాదాపు అంతా అరుగుతుంది. సీల్ కొవ్వు అయితే గ్రాముకు ఇచ్చే శక్తి ఇంకా ఎక్కువ. ఈ రెండు సవరణలూ ఎదురెదురుగా లాగుతాయి కాబట్టి, శక్తి లెక్క కిలోజౌళ్లలో దొరకనప్పుడు పచ్చి బరువు అంకెనే ఉంచి, "చేతిలెక్క" అని రాసి ముందుకు వెళ్లడం నయం. సగం సవరించి ఆపడమే అన్నిటికన్నా చెడ్డ పని.

మూడో మెట్టు, ఒంటి పరిమాణం. పెద్ద జంతువుకు కిలోకు అయ్యే ఖర్చు చిన్నదాని కన్నా సాధారణంగా తక్కువే. జీవక్రియ మొత్తం ఒంటి బరువుకు ముప్పావు ఘాతంలో పెరుగుతుందన్నది మామూలుగా వాడే సూత్రం. అంటే కిలోకు అయ్యే ఖర్చు బరువు పావు ఘాతం మేరకు తగ్గుతుంది. సొర మన కోలా కన్నా 22.4 రెట్లు బరువు. 22.4కు వర్గమూలం తీసి, వచ్చినదానికి మళ్లీ వర్గమూలం తీస్తే 2.18. పరిమాణం వల్లే రావాల్సిన తేడా అది. 58ని 2.18తో భాగిస్తే 27. తేడా సగానికి పైగా కరిగిపోయింది.

నాలుగో మెట్టు ఉష్ణోగ్రత. కోలా ఒంటి వేడి 36 డిగ్రీల పైన, అది సొంతంగా పుట్టించుకునే వేడి. సొర ఒళ్లు చుట్టూ ఉన్న నీళ్లంత చల్లగా ఉంటుంది. ఆర్కిటిక్‌లో అది సున్నాకు అటూ ఇటూ, కొన్నిచోట్ల మైనస్ 1.8 దాకా. రెండింటి మధ్య 35 డిగ్రీల తేడా ఉందనుకుందాం. ప్రతి 10 డిగ్రీలకూ జీవక్రియ రెండు నుంచి మూడు రెట్లు పెరుగుతుందన్నది జీవశాస్త్రంలో మామూలు లెక్క. రెండు రెట్లు అనుకుంటే మూడున్నర పదులకు 11 రెట్లు. రెండున్నర అనుకుంటే 25 రెట్లు. మన దగ్గర మిగిలింది 27. అంటే సొర పొదుపులో చాలా భాగం దాని చల్లదనం, దాని భారీతనం ఇచ్చిందే. అంత పెద్ద ఒళ్లు అంత చలిలో ఉంటే అంతే ఖర్చవుతుంది.

కోలా సంగతి చూడండి. ఒంటిని వేడిగా ఉంచుకునే ఖర్చు తప్పదు, తిండి చూస్తే నాసిరకం. అయినా దాని జీవక్రియ సాటి క్షీరదాల కన్నా తక్కువే. మెదడు 20 గ్రాముల లోపు, దాని మీద ముడతలు కూడా పెద్దగా ఉండవు. మెదడు ఖరీదైన అవయవం, అక్కడా కోత పడిందన్నమాట. పేగు మీద మాత్రం ధారాళంగా ఖర్చుపెట్టింది: పెద్దపేగు మొదట్లో ఒక చివర మూసుకుపోయి ఉండే సీకమ్ అనే సంచి రెండు మీటర్ల దాకా పొడవుంటుంది, అక్కడ సూక్ష్మజీవులు ఆకును పులియబెడతాయి. ఎండలు మండినప్పుడు గాలి కన్నా చల్లగా ఉండే చెట్టు మానును కరుచుకుని పడుకుంటుంది. 2014లో వచ్చిన పరిశోధన ఇది నీళ్లు ఆదా చేసుకునే ఉపాయమని చూపించింది. ఈ జతలో అసలైన పిసినారి కోలాయే. మొదటి మెట్టు దగ్గర ఆగిన చార్టు దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతుంది.

వయసు: ప్లస్, మైనస్ గుర్తు మింగేయకండి

కోలా వయసు పళ్లలో తెలుస్తుంది. పై దవడలోని ప్రీమోలార్ పన్ను ఎంత అరిగిందో చూసి తరగతులుగా విడదీస్తారు. గట్టి ఆకు జీవితమంతా నమలడంతో పళ్లు అరిగి, ముసలి కోలా తిండి నమలలేక చిక్కిపోతుంది. అడవిలో పది, పన్నెండేళ్లు మామూలు; ఆడవి పదిహేను దాకా లాగుతాయి. ఆడ కోలా రెండేళ్లకే పిల్లలను కనడం మొదలుపెట్టగలదు.

చాలా సొరల వయసు వెన్నుపూసల్లో ఏటా పడే వలయాలను బట్టి లెక్కిస్తారు. గ్రీన్‌లాండ్ సొర వెన్నుపూసలు మెత్తన, వాటిలో సున్నం చేరదు కనుక వలయాలు ఉండవు. రెక్క ముందు ముల్లు ఉండే సొరల్లో ఆ ముల్లు పనికొస్తుంది, దీనికి అదీ లేదు. 1936లో గుర్తు వేసి వదిలిన ఒక సొర 1952లో మళ్లీ దొరికింది, 16 ఏళ్లలో 8 సెంటీమీటర్లు పెరిగింది. ఎన్నేళ్లు బతుకుతుందో అప్పటికీ తేలలేదు, చాలా ఏళ్లు అని మాత్రం అర్థమైంది.

జవాబు కంటిలో దొరికింది. కంటి కటకం ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతుంది. నడిమి గుజ్జు సొర తల్లి కడుపులో ఉండగానే తయారై, ఆ తర్వాత మారదు. శాస్త్రజ్ఞుడు జూలియస్ నీల్సెన్ బృందం 28 ఆడ సొరల కటకాల నడిమి భాగం తీసి కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) కొలిచి 2016లో ఫలితాలు ప్రచురించింది. 1950ల చివర, 60ల మొదట్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరింది. ఆ గుర్తు చిన్న సొరల్లోనే కనిపించింది. 220 సెంటీమీటర్ల సొర ఆ పెరుగుదల మొదలయ్యే రోజుల్లో పుట్టినది, అంటే అప్పటికి దాదాపు యాభై ఏళ్లది. అంతకన్నా పొడవైనవన్నీ అంతకు ముందువి. వాటికి పొడవు, పెరుగుదల, పాత కార్బన్ స్థాయిలు కలిపి గణాంక పద్ధతిలో వయసు కట్టారు.

అన్నిటికన్నా పెద్దది 502 సెంటీమీటర్లు. దాని వయసు 392, ప్లస్ లేదా మైనస్ 120 ఏళ్లు. అంటే 272కూ 512కూ మధ్య ఉండే సంభావ్యత 95 శాతం. "512 ఏళ్ల సొర" అని పత్రికల్లో, వాట్సాప్‌లో తిరిగేది ఈ పై అంచే. పై అంచును వయసుగా రాయడం తప్పు. ఒక్క అంకెనే వాడాలనుకుంటే కింది అంచు వాడండి: "కనీసం 272 ఏళ్లు". ఆ ఒక్క అంచుతోనే వెన్నెముకున్న జీవుల్లో తెలిసినంతలో అన్నిటికన్నా ఎక్కువ కాలం బతికేది ఇదేనని తేలిపోతుంది.

ఆడ సొర పిల్లలను కనే ఈడుకు రావడానికి 156, ప్లస్ లేదా మైనస్ 22 ఏళ్లు. ఇక్కడ ఏళ్లు పక్కపక్కన పెట్టడం కన్నా వాటా పోల్చడం మంచిది. కోలా తన పదిహేనేళ్లలో రెండేళ్లు, అంటే ఏడో వంతు, ఎదగడానికి ఖర్చు చేస్తుంది. సొర ఆ 392 ఏళ్లలో ఐదింట రెండు వంతులు. ఈ లెక్క తర్వాత ప్రమాదం వరుసలో అక్కరకు వస్తుంది.

విషం: ఒకే గడిలో పెట్టకూడని రెండు సంగతులు

"రెండింటికీ విషంతో సంబంధం ఉంది" అని రాసి సంతోషపడకండి. కోలా విషాన్ని తినేది, సొర విషాన్ని ఒంట్లో మోసేది. గడులు వేరు.

యూకలిప్టస్ ఆకులో టెర్పీన్లు, ఫీనాలులు అనే విష రసాయనాలు దండిగా ఉంటాయి. మన వైపు జామాయిల్ తోటల్లో ఆకు నలిపితే వచ్చే ఘాటు టెర్పీన్లదే; మేకలు కూడా ఆ ఆకు జోలికి అంతగా పోవు. కోలా కాలేయం ఈ పదార్థాలను విరగ్గొట్టి బయటకు పంపుతుంది. 2018లో వెలువడిన కోలా జన్యుపటంలో విషాలను విరగ్గొట్టే సీవైపీ2సీ కుటుంబానికి చెందిన జన్యువులు 31 లెక్కతేలాయి. మనుషుల్లో అవి నాలుగే. దీని దుష్ఫలితం పశువైద్యుల దగ్గర కనిపిస్తుంది: కొన్ని నొప్పి మందులు కోలా ఒంట్లో నిలవకుండా త్వరగా విరిగిపోతాయి. ఇంత సామర్థ్యం ఉన్నా అన్ని ఆకులూ తినదు. ఏడు వందల దాకా ఉన్న యూకలిప్టస్ జాతుల్లో కొన్ని డజన్లే దానికి పనికొస్తాయి, అందులోనూ ఒక్కో ప్రాంతంలో ఇష్టపడేవి కొద్ది. ఒకే జాతి చెట్లు రెండు పక్కపక్కన ఉంటే ఒకటి తిని, రెండోది వాసన చూసి వదిలేస్తుంది.

సొర సంగతి ఉప్పునీటితో మొదలవుతుంది. సొరలన్నీ ఒంట్లో యూరియా నిలవ ఉంచుకుని సముద్రపు ఉప్పుకు సరితూగుతాయి. మన తీరంలో సొర పిట్టు వండేవాళ్లకు తెలిసిన ఘాటు వాసన ఈ యూరియా విరిగి అమోనియా అవడం వల్ల వచ్చేదే. యూరియా ప్రొటీన్లను చెడగొడుతుంది కాబట్టి, వాటిని కాపాడేందుకు టీఎంఏఓ అనే పదార్థం కూడా ఉంటుంది. లోతు నీటి ఒత్తిడిలోనూ ప్రొటీన్ల ఆకారం నిలబెట్టేది ఇదే. గ్రీన్‌లాండ్ సొర మాంసంలో ఇది ఎంత ఎక్కువంటే, పచ్చిగా తిన్న స్లెడ్జి కుక్కలు తాగినట్టు తూలి పడిపోతాయి. పేగులో టీఎంఏఓ ట్రైమిథైలమీన్ అనే విషంగా మారడమే దానికి కారణం. ఐస్‌లాండ్‌లో ఈ మాంసాన్ని ఆరు నుంచి పన్నెండు వారాలు పాతిపెట్టి పులియబెట్టి, మళ్లీ నాలుగైదు నెలలు గాలికి వేలాడదీసి గానీ తినరు. దాన్ని హాకార్ల్ అంటారు.

అందుచేత చార్టులో "తిండిలోని విషాన్ని తట్టుకోవడం" అని ఒక వరుస, "ఒంట్లోని రసాయనాలు పరిసరాలతో సర్దుకోవడం" అని ఇంకో వరుస పెట్టండి. మొదటి వరుసలో సొర గడి, రెండో వరుసలో కోలా గడి ఖాళీగా ఉన్నా నష్టం లేదు. ఖాళీ గడిని నింపాలనే ఆరాటమే తప్పులకు మూలం.

పిల్లలు

గర్భకాలం పక్కపక్కన పెడితే అర్థం ఉండదు. కోలాది 35 రోజులు, కానీ పుట్టేది రెండు సెంటీమీటర్ల, అర గ్రాము పిల్ల. కళ్లు, చెవులు ఇంకా తయారుకావు. ముందు కాళ్లతో పాకుతూ సంచిలోకి చేరి చన్ను పట్టుకుని ఆరు నెలలు అక్కడే పెరుగుతుంది. సంచి వదిలే ముందు తల్లి మలద్వారం దగ్గర వచ్చే, 'పాప్' అనే మెత్తటి ప్రత్యేక మలం తింటుంది, ఆకు అరిగించే సూక్ష్మజీవులు అలా తల్లి నుంచి పిల్లకు చేరతాయి. తల్లిని వదిలేది ఏడాది దాటాక. గ్రీన్‌లాండ్ సొర పిల్ల తల్లి కడుపులోనే గుడ్డు నుంచి బయటపడి, 40 సెంటీమీటర్ల పూర్తి సొరగా బయటికి వస్తుంది, ఆ క్షణం నుంచి దాని తిప్పలు దానివే. కాబట్టి పోల్చాల్సింది "తల్లి మీద ఆధారం ఎప్పుడు తెగుతుంది" అన్నది.

ఒక ఈతలో ఎన్ని అన్న గడి దగ్గర జాగ్రత్త. కోలాకు సాధారణంగా ఒకటే. గర్భంతో ఉన్న గ్రీన్‌లాండ్ సొర శాస్త్రజ్ఞుల చేతికి చిక్కడం బహు అరుదు. ఎక్కడ చూసినా తిరిగే "10 పిల్లలు" అన్నది ఒకే ఒక్క సొరలో చూసినది. రెండు, మూడు వందల దాకా అని చెప్పేది ఒంటి పరిమాణాన్ని బట్టి కట్టిన అంచనా. రెంటినీ సగటు చేయకండి. ఏది కంటితో చూసినదో, ఏది లెక్కో విడిగా రాయండి.

ప్రమాదం వరుస

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో రెండింటి మీదా "హానికి లోనయ్యే జాతి" అనే ముద్రే ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం మాత్రం 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతం కోలాలను "అంతరించే ప్రమాదంలో ఉన్నవి"గా పై మెట్టుకు మార్చింది. అడవుల నరికివేత, 2019-20 కార్చిచ్చులు, క్లామిడియా రోగం, కార్లు, కుక్కలు ఇందుకు కారణాలు. సొరను ఒకప్పుడు కాలేయపు నూనె కోసం వేటాడారు. ఇప్పుడు వేరే చేపల కోసం వేసిన వలల్లో, గాలాల్లో చిక్కుకుని చనిపోతోంది.

ముద్ర ఒకటే అయినా దాని వెనక కాలం ఒకటి కాదు. ఐయూసీఎన్ తగ్గుదలను పదేళ్లలో గానీ మూడు తరాలలో గానీ, ఏది ఎక్కువైతే దానిలో కొలుస్తుంది. కోలాకు మూడు తరాలంటే ఇరవై ఏళ్లు అటూ ఇటూ. సొరకు ఒక తరం 156 ఏళ్లకు దగ్గరగా ఉంటే, మూడు తరాలు నాలుగు వందల ఏళ్లకు పైమాటే. చార్టులో ముద్ర పక్కన ఈ కాలం రాయకపోతే, రెండూ ఒకే తీరులో తగ్గుతున్నాయని చూసేవాళ్లు అనుకుంటారు. కోలా మంద అనువైన అడవి దొరికితే పదేళ్లలో పుంజుకోగలదు. ఈ ఏడాది వలలో పోయిన ఆడ సొర స్థానంలో ఇంకొకటి ఈడుకు రావాలంటే శతాబ్దంన్నర.

బొమ్మలు, కొలబద్దలు

ఏ3 కాగితం 42 సెంటీమీటర్ల వెడల్పు. పదో వంతు కొలతలో నాలుగు మీటర్ల సొర 40 సెంటీమీటర్లు వస్తుంది, అంచుకు ఆనుకుంటుంది. పన్నెండో వంతు తీసుకోండి: సొర 33 సెంటీమీటర్లు, 75 సెంటీమీటర్ల కోలా ఆరు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. రెండు బొమ్మలకూ ఒకే కొలత వాడాలి.

సొర గీసేటప్పుడు పెద్ద తెల్ల సొర బొమ్మ చేతికి వచ్చేస్తుంది. గ్రీన్‌లాండ్ సొర మూతి పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. వీపు మీద రెండు రెక్కలూ చిన్నవే, దాదాపు ఒకే పరిమాణం, వాటి ముందు ముళ్లు ఉండవు. పొట్ట కింద తోక దగ్గర ఉండే ఆనల్ రెక్క అసలు లేదు. కంటి నల్లగుడ్డుకు వేలాడే కోపిపాడ్ అనే పరాన్నజీవి చాలా సొరల్లో కనిపిస్తుంది. చిన్న తెల్లటి పీలికలా గీస్తే చాలు. విడిగా పళ్లు గీస్తే పై వరుస సన్నగా, మొనదేలి, కింది వరుస వెడల్పుగా, ఒకదానికొకటి ఆనుకుని రంపంలా ఉండాలి. పైవి పట్టుకుంటాయి, తల గుండ్రంగా తిప్పుతుంటే కిందివి గుండ్రటి ముక్క కోస్తాయి.

కోలా ముందు చేతికి ఒక బొటనవేలు కాదు, రెండు వేళ్లు మిగతా మూడింటికి ఎదురుగా ఉంటాయి. వెనక కాలి బొటనవేలికి గోరు ఉండదు, రెండు, మూడు వేళ్లు అతుక్కుని ఉంటాయి. బయటికి కనిపించే తోక లేదు.

లోతు, ఎత్తు చూపే పట్టీ విడిగా వేయండి. 1 మిల్లీమీటరుకు 10 మీటర్లు అనుకుంటే, 30 మీటర్ల చెట్టు 3 మిల్లీమీటర్లు, 2,200 మీటర్ల లోతు 22 సెంటీమీటర్లు. వయసు పట్టీకి 1 మిల్లీమీటరుకు రెండేళ్లు సరిపోతుంది. పదిహేనేళ్ల కోలా ఏడున్నర మిల్లీమీటర్ల ముక్క. సొర పట్టీని 136 మిల్లీమీటర్ల దాకా నిండుగా రంగు వేసి, అక్కడి నుంచి 256 దాకా చుక్కల గీతగా వదలండి, 196 దగ్గర చిన్న అడ్డగీత పెట్టండి. చుక్కల భాగానికి రంగు వేయకూడదు, ఆ ఏళ్లు సంభావ్యతే కానీ కొలత కాదు.